నైట్రేట్ సున్నా, అయినా ఇసుక మీద ఎర్ర జిగురు

ప్రశ్న: మాది సంప్‌తో (కింద ఉండే వడపోత తొట్టితో) కలిపి 250 లీటర్ల రీఫ్ ట్యాంక్, అంటే కోరల్స్ పెంచే ఉప్పునీటి ట్యాంక్. పొడి రాళ్లతో కట్టి ఎనిమిది నెలలైంది. రెండు క్లౌన్ చేపలు, ఒక రాయల్ గ్రామా, ఒక గోబీ ఉన్నాయి. కోరల్స్‌లో కొన్ని జోయాంథస్‌లు, ఒక హ్యామర్, రెండు మూడు మెత్తని రకాలు. రెండు నెలలుగా ఇసుక మీద, రాళ్ల మొదళ్లలో ముదురెరుపు జిగురు పొర పరుచుకుంటోంది. సాయంత్రానికి దట్టమవుతుంది, పొద్దున చూస్తే కాస్త పలచబడి ఉంటుంది. ఎర్ర జిగురు మందు రెండుసార్లు వేశాను. రెండు రోజుల్లో మాయమైంది, మూడు వారాల్లో మళ్లీ మొదటికొచ్చింది. నైట్రేట్ 0, ఫాస్ఫేట్ 0.12 పిపిఎమ్ (లీటరుకు మిల్లీగ్రాములు). నైట్రేట్ పెరగకుండా రోజూ 20 మి.లీ. వెనిగర్ పోస్తున్నాను. లైటు 11 గంటలు. గంటకు 3,000 లీటర్లు తిప్పే వేవ్‌మేకర్ ఒకటుంది. నీళ్లు శుద్ధి చేసే ఆర్‌ఓ డీఐ యూనిట్‌లోకి వెళ్లే నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) 300, బయటికొచ్చేది 9. ట్రేస్ ఎలిమెంట్స్, అమైనో ఆమ్లాలు వారానికోసారి ఇస్తున్నాను. చేపల తిండి సగానికి సగం తగ్గించాను. మూడోసారి మందు వేయమంటారా?

జవాబు: వద్దు. ఇప్పుడున్న పరిస్థితిలో మూడోసారి వేస్తే ఎర్ర జిగురు పోతుంది కానీ, ఆ చోటులోకి దానికంటే మొండిది వచ్చి కూర్చునే ప్రమాదం ఉంది. కారణం మీరు పంపిన అంకెల్లోనే ఉంది. నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ 0.12. ఆ ఎర్ర జిగురు అసలు పేరు సయానోబ్యాక్టీరియా, దానికి ఇంతకంటే అనుకూలమైన నీళ్లు ఉండవు. ఈ పరిస్థితి తెచ్చిపెట్టింది చాలావరకు మీరు పోస్తున్న వెనిగరే.

సయానో చూడటానికి నాచులా ఉంటుంది గానీ నాచు కాదు, వెలుతురుతో బతికే బ్యాక్టీరియా. భూమి మీద గాలిలో ఆక్సిజన్ చేరడం మొదలైంది వీటి వల్లే, సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట. అంత పాతకాలపు జీవిని ట్యాంక్‌లోంచి పూర్తిగా తుడిచిపెట్టడం కుదరదు, అవసరమూ లేదు. ప్రతి ఆరోగ్యకరమైన ట్యాంక్‌లోనూ కొద్దో గొప్పో ఉంటుంది. అది పొరలు కట్టేంత పెరగకుండా చూసుకుంటే చాలు.

వీటిలో చాలా జాతులకు ఒక ప్రత్యేక విద్య ఉంది. నీళ్లలో కరిగిన నత్రజని వాయువునే పట్టుకుని అమ్మోనియాగా మార్చుకోగలవు. ట్యాంక్‌లోని మిగతా జీవాలకు, అంటే మామూలు నాచుకు, రాళ్లకు పట్టే సున్నపు నాచు కోరలిన్‌కు, కోరల్స్ లోపల బతికే సూక్ష్మ నాచు జూక్సాంథెల్లేకు, ఈ విద్య రాదు. వాటికి నైట్రేటో అమ్మోనియానో అందాలి. మీరు నైట్రేట్‌ను సున్నాకు దించడంతో పోటీదారులు పస్తున్నారు, సయానోకు మాత్రం ఏ ఇబ్బందీ రాలేదు. దానికి కావలసిన ఫాస్ఫేట్ నిక్షేపంగా ఉంది.

వెనిగర్ పోసినా ఫాస్ఫేట్ ఎందుకు తగ్గలేదన్న అనుమానం రావచ్చు. వెనిగర్‌లోని అసిటిక్ ఆమ్లాన్ని తిని బ్యాక్టీరియా పెరుగుతుంది. పెరిగేటప్పుడు నత్రజనిని, భాస్వరాన్ని రెండింటినీ లాక్కుంటుంది, కానీ సమానంగా కాదు. సముద్రపు ప్లవకాల్లో రెడ్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త గుర్తించిన నిష్పత్తి ఒక భాస్వరం పరమాణువుకు 16 నత్రజని పరమాణువులు. టెస్ట్ కిట్ చూపించే పిపిఎమ్ లెక్కలోకి మారిస్తే నైట్రేట్ సుమారు 10 తగ్గినప్పుడు ఫాస్ఫేట్ 1 తగ్గుతుంది. పైగా రాళ్ల లోపల ఆక్సిజన్ అందని చోట జరిగే డీనైట్రిఫికేషన్‌లో ఒక్క నైట్రేటే ఖర్చవుతుంది, ఫాస్ఫేట్ ముట్టుకోదు. అందువల్ల నైట్రేట్ ముందు అయిపోతుంది. అది అయిపోయాక బ్యాక్టీరియా పెరగడం ఆగిపోయి ఫాస్ఫేట్ ఉన్నచోటే ఉండిపోతుంది. ఆపైన పోసే వెనిగర్ కూడా కొంత సయానోకే మేతవుతుంది. వాటిలో కొన్ని వెలుతురుతోపాటు ఇలాంటి సేంద్రియ పదార్థాన్నీ వాడుకోగలవు.

ముందు అది సయానోనే అని తేల్చుకోండి

మీరు రాసిన లక్షణాలు సయానోవే అనిపిస్తున్నాయి. అయినా ఒక అరగంట కేటాయించి రూఢి చేసుకోండి, ఎందుకంటే డైనోఫ్లాజెల్లేట్లు (డైనోలు) అనే ఏకకణ జీవులు కూడా పగలు పెరిగి రాత్రి తగ్గుతాయి, అవి కూడా బుడగలు పట్టుకుంటాయి.

మధ్యాహ్నం మూడు నాలుగు గంటలప్పుడు పొర అంచును పట్టుకారుతో పట్టి మెల్లగా ఎత్తి చూడండి. సయానో అయితే గుడ్డపీలికలా ఒక్క ముక్కగా లేస్తుంది. పైవైపు ముదురెరుపు, కిందివైపు పాలిపోయిన ఆకుపచ్చ లేదా బూడిద రంగు, దాని నిండా అతుక్కుపోయిన ఇసుక రేణువులు. పొర కింద చిన్న చిన్న ఆక్సిజన్ బుడగలు చిక్కుకుని ఉంటాయి. చాలా రోజులు కదలకుండా ఉన్న చోటైతే కింద ఇసుక నల్లబడి, బయటికి తీసినప్పుడు కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. డైనోలు ఇలా పొరగా లేవవు. పట్టుకుంటే చీమిడిలా సాగుతాయి, గోధుమరంగులో తీగలు తీగలుగా వేలాడుతూ కొసన బుడగ పట్టుకుని ఉంటాయి. నత్తలు ఉన్నట్టుండి పడిపోయి చనిపోతుంటే డైనోల మీద అనుమానం పెంచుకోవాలి. పట్టుకుంటే పొడిలా చెదిరిపోయే గోధుమరంగు పూత అయితే డయాటమ్‌లు, అంటే ఒక రకం సూక్ష్మ నాచు. వాటికి ఏమీ చేయక్కర్లేదు.

ఇంకా సందేహం ఉంటే వడపోత పరీక్ష ఉంది. కొద్దిగా జిగురును ట్యాంక్ నీళ్లతో సహా చిన్న గాజు సీసాలో తీసుకుని, మూత బిగించి, ఒక నిమిషం గట్టిగా కుదపండి. ఆ నీళ్లను కాఫీ ఫిల్టర్ కాగితంలోంచి వడగట్టి, దిగిన తేట నీళ్లను గంటసేపు లైటు కింద ఉంచండి. డైనోలు విడివిడి కణాలు కాబట్టి కాగితంలోంచి జారిపోయి, గంటలో మళ్లీ ఒకచోట చేరి తీగలు కడతాయి. సయానో పోగులు చాలావరకు కాగితం మీదే ఆగిపోతాయి, తేట నీళ్లు తేటగానే ఉంటాయి. ఎవరిదైనా 400 రెట్లు చూపించే మైక్రోస్కోప్ దొరికితే అసలు గొడవే లేదు. ఒకే మందంలో, అడ్డగీతలతో ఉన్న పొడవాటి పోగులు కనిపిస్తే సయానో. గింజల్లాంటివి గిరగిరా తిరుగుతూ కనిపిస్తే డైనో.

అంకెలను కూడా ఒకసారి సరిచూసుకోవాలి. నైట్రేట్ సున్నా అని కిట్ చెప్పినప్పుడు కిట్‌ను నమ్మే ముందు వాడిన తీరును అనుమానించండి. ఏపీఐ కంపెనీ కిట్‌లో రెండో సీసా అడుగున మందు గడ్డకట్టి ఉంటుంది. దాన్ని 30 సెకన్లు బలంగా కుదిపి వేయకపోతే, ఆ తర్వాత పరీక్ష గొట్టాన్ని నిమిషం పాటు కుదపకపోతే, ఉన్న నైట్రేట్ కూడా లేనట్టే చూపిస్తుంది. సాలిఫర్ట్ కిట్ అయితే తక్కువ స్థాయిని పైనుంచి కాకుండా పక్కనుంచి చూసి, వచ్చిన అంకెను 10తో భాగించాలి. ఫాస్ఫేట్‌కు హానా చెకర్ అనే మీటర్ వాడుతుంటే అది ఏ రకమో చూసుకోండి. పిపిబిలో (పిపిఎమ్‌లో వెయ్యో వంతు) భాస్వరం చూపించే రకమైతే ఆ అంకెను 3.066తో గుణించి 1,000తో భాగిస్తేనే ఫాస్ఫేట్ పిపిఎమ్ వస్తుంది. మీ 0.12 ఈ లెక్క వేశాక వచ్చిందే అనుకుని కింద రాస్తున్నాను.

ఒకవేళ ఫాస్ఫేట్ కూడా 0 అని వచ్చినా, పొర దట్టంగా ఉంటే ఆశ్చర్యపోవద్దు. పొర కింద ఉన్న నీళ్లు, ట్యాంక్ మధ్యలోంచి మీరు సిరంజితో తీసిన నీళ్లు ఒకటి కావు. పొర కింద ఆక్సిజన్ తగ్గి, అక్కడ చిక్కిన మురికి కుళ్లి, ఇసుకకు పట్టిన ఫాస్ఫేట్ ఊడి వస్తుంది. అది కిట్‌కు అందే లోపే పొర తాగేస్తుంది. నీళ్ల పరీక్ష బాగుంది కదా అని ఇసుకను వదిలేస్తే సయానో వదలకపోవడానికి కారణం ఇదే.

వెనిగర్ ఆపడం, నైట్రేట్ పెంచడం

వెనిగర్‌ను ఒక్కసారిగా మానేయకండి. దాని మీద బతుకుతున్న బ్యాక్టీరియా ఒక్కుమ్మడిగా చచ్చి నీళ్లను పాడుచేయవచ్చు. 20 మి.లీ. నుంచి 10కి దించి ఐదు రోజులు, 5కి దించి ఇంకో ఐదు రోజులు, ఆ తర్వాత బంద్. అమైనో ఆమ్లాలు, ట్రేస్ ఎలిమెంట్స్ మాత్రం ఈరోజే ఆపేయొచ్చు. ట్రేస్ మిశ్రమాల్లో సాధారణంగా ఇనుము ఉంటుంది. నత్రజని వాయువును పట్టుకునే ఎంజైమ్‌కు ఇనుము దండిగా కావాలి, అంటే మీరు సీసాతో దాని పనిముట్లు అందిస్తున్నట్టే. మీ దగ్గరున్న కోరల్స్‌కు వారానికోసారి నీళ్లు మార్చితే వచ్చే ఖనిజాలే సరిపోతాయి.

చేపల తిండిని మళ్లీ మామూలు స్థాయికి తెండి. సయానో అనగానే తిండి తగ్గించమనడం అందరూ చెప్పే సలహా. నైట్రేట్ 30 ఉన్న ట్యాంక్‌కు అది మంచి సలహాయే, నైట్రేట్ సున్నా ఉన్నచోట అసలుకే ఎసరు. మీ నాలుగు చేపలకు రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి రెండు నిమిషాల్లో పూర్తిగా తినేసేంత వేయండి. ఇసుక మీదికి చేరిందంటే ఎక్కువైనట్టు. గడ్డకట్టిన తిండిని కరిగించి కడిగి వేయాలా అని చాలామంది అడుగుతుంటారు. కడగడం మంచి అలవాటే, కానీ దానితో పెద్ద తేడా రాదు. ఫాస్ఫేట్‌లో అధిక భాగం ఆ రొయ్యల ఒంట్లోనే ఉంటుంది, కరిగిన నీళ్లలో కాదు.

వెనిగర్ పూర్తిగా ఆపాక వారం పది రోజుల్లో నైట్రేట్ దానంతటదే పైకి రావాలి. అలా 1 కూడా దాటకపోతే బయటినుంచి ఇవ్వండి. స్వచ్ఛమైన సోడియం నైట్రేట్ 13.7 గ్రాములు తూచి, ఆర్‌ఓ నీళ్లలో కరిగించి, మొత్తం ఒక లీటరు చేయండి. ఈ ద్రావణంలో ప్రతి మి.లీ.లో 10 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉంటుంది. మీ 250 లీటర్లకు 25 మి.లీ. పోస్తే నైట్రేట్ 1 పిపిఎమ్ పెరుగుతుంది. రోజుకు అంతకుమించి పోయకండి. రెండు రోజులకోసారి పరీక్షించి, 5 దగ్గర నిలబెట్టండి. మొదట్లో పోసినదంతా పోసినట్టే మాయమవుతుంది, మర్నాటికి మళ్లీ సున్నా కనిపిస్తుంది. పస్తున్న రాళ్లు, కోరల్స్ లాగేస్తున్నాయన్నమాట. అలాగని మోతాదు రెట్టింపు చేయకుండా అదే 25 మి.లీ. కొనసాగించండి.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. ల్యాబ్ గ్రేడ్ లేదా ఫుడ్ గ్రేడ్ అని రాసి ఉన్నదే తీసుకోండి. ఎరువుగా అమ్మేదాంట్లో ఇంకేం కలిసి ఉంటాయో తెలియదు. రెండోది ఇంకా ముఖ్యం. నైట్రేట్, నైట్రైట్ ఒకటి కాదు. సోడియం నైట్రైట్ మనుషులకు ప్రాణాంతకమైన విషం. డబ్బా మీద పేరు అక్షరం అక్షరం చదవండి. సోడియం నైట్రేట్‌ను కూడా పిల్లలకు అందకుండా, మంటకు దూరంగా, పొడిగా ఉన్న చోట పెట్టండి.

ఫాస్ఫేట్ గురించి ఇప్పుడే తొందరపడొద్దు. 0.12 అంత భయపడాల్సిన అంకె కాదు. మెత్తని కోరల్స్, జోయాంథస్‌లు అంతకంటే ఎక్కువలోనూ బాగానే ఉంటాయి. నైట్రేట్ అందుబాటులోకి రాగానే మిగతా జీవాలు పెరగడం మొదలుపెట్టి ఫాస్ఫేట్‌ను అవే వాడుకుంటాయి. నాలుగు వారాల తర్వాత కూడా 0.1 పైనే ఉంటే అప్పుడు ఐరన్ ఆక్సైడ్ గుళికలు, అంటే జీఎఫ్ఓ, వేయండి. తయారీదారు చెప్పిన పూర్తి మోతాదులో నాలుగో వంతుతో మొదలుపెట్టి, ఎర్రనీళ్లు పోయేదాకా కడిగి, వారానికి 0.03 కంటే వేగంగా పడిపోకుండా చూసుకోండి. 0.05 దగ్గర ఆపేయండి. ఒక వారం తగ్గి మళ్లీ పెరిగితే అది కొత్తగా వచ్చింది కాదు. మీ రాళ్లు, ఇసుక కాల్షియం కార్బొనేట్. అవి ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచి, నీళ్లలో తగ్గినప్పుడల్లా కొంచెం కొంచెంగా వదులుతుంటాయి. ఫాస్ఫేట్‌ను మడ్డిగా మార్చే లాంథనమ్ క్లోరైడ్ జోలికి మాత్రం పోకండి. సన్నని వడపోత సంచి (సాక్) లోకి చుక్కలు చుక్కలుగా వేయడం చేతకాకపోతే దాని తెల్లటి మడ్డి చేపల మొప్పల్లో చేరుతుంది. మీ ట్యాంక్‌కు అంత అవసరం లేదు.

పొరను తీయడం

పై పనులు ఎంత బాగా చేసినా, ఉన్న పొరను చేత్తో తీయకపోతే నెలలు పడుతుంది. పొర తన కింద తన లోకాన్ని తానే కట్టుకుంటుందని పైన చెప్పాను కదా, ఆ ఇంటిని పడగొట్టాలి.

మధ్యాహ్నం లైట్లు వెలిగి ఐదారు గంటలయ్యాక, బుడగలు పొరను పైకి లేపుతున్నప్పుడు మొదలుపెట్టండి. పొద్దున్నే చేస్తే పొర ఇసుకను గట్టిగా పట్టుకుని ఉంటుంది, ముక్కలు ముక్కలుగా వస్తుంది. వేవ్‌మేకర్, సంప్‌లోంచి నీళ్లు పైకి పంపే రిటర్న్ పంపు ఆపండి. లోపలి వ్యాసం 6 నుంచి 8 మి.మీ. ఉన్న మెత్తని గొట్టంతో సైఫన్ పెట్టండి. అంతకంటే లావు గొట్టమైతే పొర సగం కూడా తీయకముందే బకెట్ నిండిపోతుంది. గొట్టం కొనను పొర అంచుకు ఆనించి, దుప్పటి చుట్టినట్టు అంచు నుంచి లోపలికి లాగండి. కింద ఇసుక ఒక సెంటీమీటరు మందాన వచ్చేస్తే రానివ్వండి. ఆ ఇసుకను కడిగి మళ్లీ వేయాలన్న ఆశ వద్దు, పారేయండి. బ్రష్‌తో రుద్దడం, ఇసుకను వేళ్లతో కలిపేయడం మాత్రం చేయొద్దు. తెగిన ప్రతి పోగూ ఇంకోచోట వాలి మళ్లీ మొదలుపెడుతుంది.

రాళ్ల మీదున్న పొరను పెద్ద పిప్పెట్‌తో నీళ్లు చిమ్మి ఊడగొట్టి, అది గాల్లో తేలినట్టు తేలుతుండగానే సైఫన్‌తో అందుకోండి. హ్యామర్ మొదలు దగ్గర, తెల్లటి అస్థిపంజరం మీద పొర పాకి ఉందేమో చూడండి. అది కండను తాకితే అక్కడినుంచి కండ వెనక్కి తగ్గుతుంది. అవసరమైతే హ్యామర్‌ను ఇసుక మీదినుంచి తీసి ఒక అడుగు ఎత్తున రాయి మీద పెట్టండి.

మొదటి రెండు వారాలు వారానికి రెండుసార్లు ఇలా తీయండి. ఒకసారి 25 లీటర్ల నీళ్ల మార్పుతో కలిపి చేయండి. రెండోసారి గొట్టం రెండో కొసను సంప్‌లో 10 మైక్రాన్ల ఫెల్ట్ సాక్‌లో పెడితే నీళ్లు ట్యాంక్‌లోనే ఉంటాయి, పొర సాక్‌లో ఆగుతుంది. పని అవగానే సాక్ తీసేయాలి. రాత్రంతా అందులోనే ఉంచితే కుళ్లి, తీసిన మేతను తిరిగి ట్యాంక్‌కే ఇచ్చినట్టవుతుంది. మీ ఇసుక 5 సెంటీమీటర్ల కంటే లోతుగా ఉంటే ఒక్క రోజులో మొత్తాన్ని కదపకండి. అడుగున హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండొచ్చు. వారానికి నాలుగో వంతు మేరకే లోతుగా శుభ్రం చేయండి.

ప్రవాహం, నీళ్లు, లైటు

గంటకు 3,000 లీటర్ల వేవ్‌మేకర్ మీ 250 లీటర్లకు 12 రెట్లు. మిశ్రమ రీఫ్‌కు 20 నుంచి 40 రెట్లు కావాలి. అంటే కనీసం 5,000, 7,500 ఉంటే బాగు. రిటర్న్ పంపును లెక్కలో కలుపుకోవద్దు. అలాంటిదే ఇంకొకటి తెచ్చి ఎదురుగా ఉన్న గోడకు, నీటి మట్టానికి ఒక జానెడు కింద పెట్టండి. రెండింటి ధారలూ ఎదురెదురుగా కొట్టుకోకుండా, ఒకదాని ధార ముందు అద్దానికి తగిలి ఇసుక మీదుగా వెనక్కి తిరిగేలా కోణం మార్చండి. కొంచెం పొడి తిండి చల్లి చూడండి. రేణువులు ఎక్కడ నెమ్మదించి కిందికి దిగిపోతున్నాయో, మీ ఎర్ర మచ్చలు కూడా చాలావరకు అక్కడే ఉంటాయి. ఇసుక రేగి గుంటలు పడితే వేగం ఒక మెట్టు తగ్గించండి. ప్రవాహం సయానోను చంపదు. మురికిని ఒకచోట కుదురుకోనివ్వదు, పొర కింద ఆక్సిజన్ తగ్గనివ్వదు. అది చాలు.

పాత వేవ్‌మేకర్‌ను కూడా ఒకసారి విప్పండి. ఎనిమిది నెలలకు రోటర్‌కు సున్నం పట్టి ఉంటుంది, 3,000 అని రాసి ఉన్నది 2,000 కూడా ఇవ్వకపోవచ్చు. సగం వెనిగర్, సగం నీళ్లు కలిపి అందులో రెండు గంటలు నానబెట్టి కడగండి. మీ దగ్గర మిగిలిపోయే వెనిగర్‌కు ఇదే మంచి ఉపయోగం.

ఆర్‌ఓ సంగతి. 300 వెళ్లి 9 వస్తోందంటే మెంబ్రేన్ 97 శాతం ఆపుతోంది. అది మంచి స్థితిలోనే ఉంది, మార్చి డబ్బు తగలేయకండి. అయిపోయింది దాని తర్వాత ఉన్న డీఐ రెసిన్. రెసిన్ ఉన్నా లేనట్టే అయింది. రెసిన్ పట్టు సడలినప్పుడు మొదట జారిపోయేవాటిలో సిలికేట్ ఒకటి, అది టీడీఎస్ మీటర్‌కు సరిగా కనిపించదు కూడా. అందుకే 9 దాకా ఆగకుండా, మీటర్ 1 చూపగానే రెసిన్ మార్చేయాలి. మార్చాక మొదటి రెండు లీటర్లు పారబోయండి. కొత్తగా కలిపిన ఉప్పునీళ్లలో ఒకసారి ఫాస్ఫేట్ పరీక్షించి చూడండి. అక్కడే 0.05 ఉంటే నీళ్లు మార్చిన ప్రతిసారీ మేత వేస్తున్నట్టు.

లైటు 11 గంటల నుంచి 8కి తగ్గించండి, రోజుకు అరగంట చొప్పున. రంగులు మార్చి సయానోను ఆకలితో మాడ్చొచ్చనుకుంటారు కొందరు. తెలుపు, ఎరుపు చానెళ్లు తగ్గించడం మంచిదే, కానీ నీలంలోనూ అది బతుకుతుంది. దాని ఎర్రరంగుకు కారణమైన ఫైకోఎరిత్రిన్ ఆకుపచ్చ వెలుతురును బాగా పట్టుకుంటుంది. సముద్రపు జాతుల్లో కొన్ని 495 నానోమీటర్ల దగ్గర నీలి ఆకుపచ్చనూ అంతే బాగా పట్టుకుంటాయి. గంటలు తగ్గించడమే పనికొచ్చేది. కిటికీలోంచి ఎండ పడుతుంటే అది కూడా ఆ గంటల్లోకే వస్తుంది.

మూడు రోజులు ట్యాంక్‌ను పూర్తిగా చీకటి చేయడం మరో ఉపాయం. దాన్ని ఇప్పుడే చేయకండి. సయానో చీకట్లో దాచుకున్న నిల్వలతో బతకగలదు, బలహీనపడుతుందే తప్ప చావదు. నైట్రేట్ 5 దగ్గర కుదురుకుని, రెండు వారాలు పొర తీశాక కూడా మొండి మచ్చలు మిగిలితే అప్పుడు చేయండి. మందపాటి నల్ల గుడ్డ కప్పి, పైన గాలి ఆడేలా సందు వదలండి. మురికిని నురగగా తీసే స్కిమ్మర్ నడుస్తుండాలి, ఎయిర్ స్టోన్ పెట్టాలి. చేపలకు రోజుకోసారి కొద్దిగా వేయండి. నాలుగో రోజు చచ్చిన పొరను సైఫన్ చేసి 30 లీటర్లు మార్చి, లైటును 4 గంటలు, 6 గంటలు, 8 గంటలుగా మూడు రోజుల్లో పైకి తెండి. మీ కోరల్స్‌కు మూడు రోజుల చీకటి లెక్కలోది కాదు.

నత్తలు, పీతలు తెచ్చి వదిలితే తింటాయా అంటే, పెద్దగా ఆశ పెట్టుకోకండి. ఇసుకను కెలికే నసారియస్ నత్తలు నాలుగైదు ఉంటే మురికి కుదురుకోకుండా పనికొస్తాయి, అంతవరకే. యూవీ దీపం నీళ్లలో తేలేవాటికి పనిచేస్తుంది, రాయికి అంటుకున్న పొరను తాకనైనా తాకదు. బ్యాక్టీరియా సీసాలు కొనాలనిపిస్తే ముందు వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. చాలావాటిలో బ్యాక్టీరియాతోపాటు దాని మేతగా సేంద్రియ కర్బనం కూడా ఉంటుంది. వెనిగర్ ఆపి దాన్ని పోస్తే ఏమీ ఆపినట్టు కాదు. పొడి రాళ్లతో కట్టిన ట్యాంక్ కాబట్టి, నమ్మకమైన పాత ట్యాంక్‌లోంచి గుప్పెడు ఇసుకో చిన్న రాయో తెచ్చుకోవడం సీసాల కంటే మేలని నా అభిప్రాయం. దాంతో ఐప్టాసియా అనే చీడ ఎనిమోన్ లాంటివి వెంట రాకుండా బాగా పరిశీలించి తెచ్చుకోండి.

మందు ఎందుకు ఓడిపోయింది

మందు సయానోను చంపింది, కానీ చచ్చిన పొరలోని ఫాస్ఫేట్ నీళ్లలోకే తిరిగొచ్చింది. నైట్రేట్ మాత్రం సున్నాగానే ఉంది. ఖాళీ అయిన ఇసుక మీద పెరగడానికి నాచుకు బలం లేదు, మిగిలిన నాలుగు పోగులకు ఉంది. మూడు వారాల్లో తిరిగి రావడానికి అదే కారణం. ఈ ఖాళీలోకి సయానో రాకపోతే వచ్చేది డైనోలు. నైట్రేట్, ఫాస్ఫేట్‌లలో ఏదో ఒకటి అడుగంటిన ట్యాంక్‌లే వాటికీ ఇష్టం, వాటి మీద ఈ మందు పనిచేయదు. ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లను పదేపదే వేస్తే తట్టుకునే రకాలు మిగులుతాయి, అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా కూడా దెబ్బతినొచ్చు. మనుషుల మాత్రలు పొడిచేసి వేసే పని ఎట్టి పరిస్థితిలోనూ చేయొద్దు.

ఆరు వారాలు ఇవన్నీ చేసి, నైట్రేట్ 5, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 మధ్య నిలకడగా ఉండి, అయినా అక్కడక్కడా మచ్చలు మిగిలితే అప్పుడు ఒక్కసారి మందు వేయొచ్చు. ముందురోజు పొరను వీలైనంత సైఫన్ చేయండి. చచ్చే పదార్థం ఎంత తక్కువుంటే ఆక్సిజన్ అంత తక్కువ పడిపోతుంది. చేపలు చనిపోయేది సాధారణంగా మందు వల్ల కాదు, రాత్రిపూట ఈ ఆక్సిజన్ కొరత వల్లే. ఫిల్టర్‌లోని కార్బన్ తీసేయండి, యూవీ ఆపండి. మోతాదును అద్దాల కొలత మీద కాకుండా, రాళ్లూ ఇసుకా పోను నిజంగా ఉన్న నీళ్ల మీద లెక్కగట్టండి. స్కిమ్మర్ కప్పు తీసి నడవనివ్వండి, లేకపోతే నురగ పొంగి నేలపాలవుతుంది. ఎయిర్ స్టోన్ 48 గంటలూ ఆగకూడదు. ఆ తర్వాత 20 శాతం నీళ్లు మార్చి కార్బన్ పెట్టి, రెండు రోజులు వరసగా అమ్మోనియా చూడండి.

ఈ ఆరు వారాల్లో ట్యాంక్ మొదట్లో కొంచెం అందవిహీనమవుతుంది. మొదటి పది రోజులు సయానో తగ్గినట్టే ఉండదు. రెండు మూడు వారాల మధ్య అద్దాల మీద పచ్చటి పూత వస్తుంది, రాళ్ల మీద అక్కడక్కడా పచ్చ వెంట్రుకల నాచు మొలవొచ్చు. కంగారుపడి దాన్ని చంపే పనిలో పడకండి. పోటీదారులు లేచి కూర్చున్నారనడానికి అదే గుర్తు. తర్వాత ఎర్ర పొర అంచుల నుంచి ముడుచుకుంటూ, ముందు రాళ్ల మీద, చివరికి ఇసుక మీద తగ్గుతుంది. నాలుగో వారానికి కూడా పచ్చదనం అసలు కనిపించకుండా, ఎరుపు బదులు గోధుమరంగు తీగలు మొదలైతే నీళ్లు మార్చడం ఆపి, వడపోత పరీక్ష మళ్లీ చేయండి.

అంతా సర్దుకున్నాక వెనిగర్ మళ్లీ మొదలుపెట్టాలా అంటే, నైట్రేట్ 15 దాటి అక్కడే ఉండిపోతే తప్ప అవసరం లేదు. దాటితే రోజుకు 5 మి.లీ.తో మొదలుపెట్టండి, వారం తిరక్కుండా పెంచకండి, నైట్రేట్ 5కి దిగగానే సగం చేయండి. వెనిగర్ పోసినంత కాలం నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ వారానికోసారి ఒకే రోజు పరీక్షించి పక్కపక్కన రాసుకోండి. నైట్రేట్ దిగుతూ ఫాస్ఫేట్ కదలకుండా ఉన్నట్టు వరసగా రెండు వారాలు కనిపిస్తే, సున్నా దాకా చూడకుండా అక్కడే సీసా పక్కన పెట్టేయండి.